మంచుబండి చేసిన పల్లెటూరి మనిషి

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ఈ యేడు మీకు నచ్చిన ఒక మహనీయుని గూర్చి అరగంటసేపు మాటలాడవలెను" అని కోరినప్పుడు, నా నోట పోతనగారి పేరో, వీరేశలింగముగారి పేరో వత్తునని తలచియుందురు. ఆ పేర్లు పలుకుటకు నాకంటె అర్హులు ఈ సభలోనే పలువురు కలరు. నేను కచేరీలో దస్త్రములు త్రిప్పి జుట్టు నెరసినవాడనే గాని పండితుడను గాను. కావున ఇచ్చట ఎవరును చెప్పబోని మనుష్యుని గూర్చి చెప్పుటయే నాకు క్షేమమని తోచినది. ఆయన తెలుగువాడు కాడు, భారతీయుడును కాడు. కెనడా దేశమున క్విబెక్ రాష్ట్రమున వాల్కూర్ అను పల్లెలో పెరిగి, అచ్చటనే మోటారు మరమ్మతు దుకాణము పెట్టుకొని, అచ్చటనే తన యంత్రములు చేసిన మెకానిక్కు. పేరు జోసెఫ్ అర్మాన్ బొంబార్డియే. లోకము స్నోమొబైల్ అని పిలుచు మంచుబండిని సామాన్యుల వాకిళ్ళలోనికి తెచ్చినవాడు.

"ఢిల్లీలో నున్న తెలుగువారికి కెనడా మంచుతో ఏమి పని?" అని మీరు అడుగవచ్చును. కొంత పని కలదు. ఈ సభలోని వారిలో సగముమందిమి ఏండ్ల తరబడి మెట్రో రైలులో కచేరీకి పోయి వచ్చినవారమే. 2007లో ఢిల్లీ మెట్రోవారు 340 పెట్టెల కొరకు ఒప్పందము చేసికొన్న కంపెనీ పేరు బొంబార్డియర్. ఆ పెట్టెలలో అధికభాగము గుజరాతు రాష్ట్రమున వడోదర సమీపమందలి సావలిలో తయారైనవి. ఆ రైళ్ళ వ్యాపారము 2021లో ఆల్‌స్టామ్ అను ఫ్రెంచి కంపెనీ చేతికి పోయినది. నిలుచుటకు చోటులేక తలుపు ప్రక్కన ఒదిగి పోయిన ఆ దినములలో, బొంబార్డియర్ అనునది ఏదో యుద్ధసామగ్రికి సంబంధించిన మాటయని నేను భ్రమపడుచుంటిని. అది ఒక మనుష్యుని ఇంటిపేరని తెలిసినది చాలకాలమునకు. ఇంగ్లీషు చదువు వలన మనము బొంబార్డియర్ అందుము. ఆ ఊరివారు బొంబార్డియే అందురు. తెలిసిన పిమ్మట ఆయనను గూర్చి దొరికినంత చదివితిని. చదువగా చదువగా యంత్రముకంటె మనిషి ఎక్కువ నచ్చెను.

ముందుగా ఆ ఊరి సంగతి చెప్పవలెను. మాంట్రియల్ నగరమునకు తూర్పున, అమెరికా సరిహద్దుకు ఎక్కువ దూరము గాని సీమలో వాల్కూర్ ఉన్నది. అచ్చటి వారి భాష ఫ్రెంచి. పాడి, కలప, మేపుల్ చెట్ల తీపిరసము కాచి పాకము తీయుట — ఇవి ఆ సీమవారి పనులు. నవంబరులో మంచు పడ మొదలిడినచో ఏప్రిలు వరకు నేలను విడువదు. మనకు మంచు అనగా తెల్లవారుజామున కమ్ముకొని రైళ్ళను ఆలస్యము చేయు పొగమంచు. అచ్చటి మంచు అట్టిది కాదు. అది దూదివలె రాలి, పేరుకొని, గాలికి దిబ్బలై, కంచెలను కప్పివేయును. మనిషి అడుగు వేసినచో మోకాలి వరకు దిగబడును. గుఱ్ఱము దిగబడినచో దానిని లేపుటకు నలుగురు కావలెను.

గోదావరి లంకలలో వరద చూచినవారు ఇచ్చట కొందరైనను ఉందురు. ఏటికి ఆవలి ఊరు కన్నులకు కానవచ్చుచునే యుండును. పోవుటకు మాత్రము దారి యుండదు. లంకను కమ్మిన వరద కొన్ని దినములలో తీయును. వాల్కూర్‌ను కమ్మినది నాలుగైదు నెలలు తీయదు. బొంబార్డియే చిన్నతనమున ఆ పల్లెసీమలలో చలికాలపు రోడ్లమీది మంచును తీసెడి యేర్పాటు లేదు. కారు గల రైతు తొలిమంచు పడగానే దానిని కొట్టములోనికి త్రోసి, ఇరుసుల క్రింద దిమ్మెలు పెట్టి, వసంతము వరకు మరచెడివాడు. తరువాత అంతయు గుఱ్ఱము లాగెడి జారుడుబండియే. వైద్యుడు రావలెనన్నను, గురువు రావలెనన్నను, ఉత్తరము రావలెనన్నను గుఱ్ఱము నడచినంత వేగమే వేగము.

బొంబార్డియే 1907 ఏప్రిలు 16వ తేదీన జన్మించెను. ఎనమండుగురు సంతానములో పెద్దవాడు. తండ్రి మొదట సేద్యము చేసి, పిమ్మట ఊరిలో అంగడి నడిపెను. పిల్లవానికి చదువుకంటె మరలయందు మక్కువ. పాత గడియారముల చక్రములు తీసి బొమ్మ యింజన్లు చేసి నడిపెడివాడట. ఇట్టి పిల్లలు మన ఇండ్లలోను ఉందురు. ఇంటిలోని రేడియోను విప్పి, మరల బిగింపలేక దెబ్బలు తిన్నవారు ఈ సభలో ఇద్దరు ముగ్గురున్నారని నాకు తెలియును, పేర్లు చెప్పను.

ఆయనకు పదునైదవ యేట, 1922లో, తండ్రి ఒక పనికిరాని ఫోర్డు మోడల్ టీ మోటారును కానుకగా ఇచ్చెను. తన కారు జోలికి రాకుండ నుండుటకే ఆ కానుక ఇచ్చెనని ఆ ఊరిలో కథగా చెప్పుకొందురు. పిల్లవాడు మోటారును బాగుచేసి, జారుడుబండ్లను కూర్చి, వాటిమీద దానిని నిలిపి, వెనుక ఒక కొయ్య పంకా అమర్చెను. 1922 డిసెంబరు 31వ తేదీన, తమ్ముడు ముందు కూర్చుండి దారి త్రిప్పుచుండగా, ఆ అన్నదమ్ములు ఊరి వీధిలో మంచుమీద ఆ బండిని నడిపిరి. ఏడాది చివరినాటి ఆ మిట్టమధ్యపు నిశ్శబ్దములో ఆ మోటారు రొద ఎట్లుండెనో ఊహించుకొనుడు! ఇంటికి వచ్చిన వెంటనే బండిని విప్పివేయుమని తండ్రి ఆజ్ఞాపించెను. తెరచియున్న ఆ పంకా ఎవరికైనను తగిలినచో ప్రాణములు దక్కవు. మేధావుల జీవితచరిత్రలలో ఇట్టి తండ్రులను అడ్డుపడినవారినిగా వ్రాయుట పరిపాటి. నాకు మాత్రము ఆ తండ్రి చేసినది సబబనియే తోచుచున్నది. పిల్లవానికి మోటారు ఇచ్చినవాడును ఆయనయే, పంకాను విప్పించినవాడును ఆయనయే.

పెద్దకుమారుడు మతగురువు కావలెనని తల్లిదండ్రుల కోరిక. షెర్‌బ్రుక్ పట్టణమందలి సెమినరీలో చేర్చిరి. కొన్నియేండ్లు చదివి, 1924లో, పదునేడవ యేట, తండ్రిని ఎట్లో ఒప్పించి ఆ చదువు మానివేసెను. మోటారు దుకాణములలో పని నేర్చుకొనుచు, పోస్టుద్వారా వచ్చు పాఠములతో యంత్రశాస్త్రమును, విద్యుచ్ఛక్తిని చదువుకొనెను. పగలు పనిచేసి రాత్రులు శాఖాపరీక్షలకు చదివినవారికి ఆ శ్రమ ఎట్టిదో నేను చెప్పనక్కరలేదు. 1926లో, పందొమ్మిదేండ్ల వయసున, స్వగ్రామమునకు తిరిగివచ్చి గ్యారేజి తెరచెను.

పల్లెటూరి గ్యారేజి ఎట్లుండునో మనకు తెలియును. అది మోటార్లకు మాత్రమే పరిమితము కాదు. పంపు చెడినను, రంపము చెడినను, నూర్పిడి యంత్రము చెడినను రైతు అచ్చటికే వచ్చును. అట్లు ఊరివారి చేతిపనుల లోపములన్నియు ఆయన చేతిమీదుగా పోవుచుండెను. వేసవిలో ఊపిరి సలుపని పని. చలికాలమున కార్లన్నియు దిమ్మెలమీద నిద్రించును గనుక గ్యారేజి ఖాళీ. ఆ ఖాళీ నెలలలో ఆయన మంచుబండి ప్రయోగములు సాగించెను. ఒక యేడు పంకా, ఒక యేడు ముందు స్కీలు వెనుక గొలుసు పట్టాలు, మరొక యేడు ఇంకొక విధము. చేసినది నచ్చనిచో విప్పి, మరల మొదలిడుట. తొమ్మిది పది చలికాలములు ఇట్లే గడచినవి.

ఇచ్చట ఒక మాట స్పష్టము చేయవలెను. మంచుమీద మోటారుబండి నడుపవలెనను తలంపు మొదట కలిగినది ఆయనకే కాదు. రష్యా చక్రవర్తి కొలువులో నుండిన కెగ్రెస్ అను ఫ్రెంచివాడు కార్లకు పట్టాలు తొడిగెను. అమెరికాలో వర్జిల్ వైట్ అనునాతడు ఫోర్డు కార్లకు స్కీలును పట్టాలును అమర్చి అమ్మెను. విస్కాన్సిన్ రాష్ట్రమున కార్ల్ ఎలియాసన్ 1924లో ఒక చిన్న మోటారు జారుడుబండి చేసెను. కనుక "మంచుబండిని కనిపెట్టిన మొట్టమొదటివాడు" అని పొగడుట చరిత్రకు న్యాయము కాదు. ఆయన గొప్పతనము మొదటివాడగుటలో లేదు.

1934 చలికాలమున ఆయన రెండేండ్ల కుమారుడు ఇవోన్‌కు కడుపునొప్పి వచ్చెను. ఉండుకము పగిలి కడుపంతయు విషమెక్కినది. శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రి షెర్‌బ్రుక్‌లో, నలుబది యేబది కిలోమీటర్ల దూరమున ఉన్నది. దారి మంచుక్రింద ఉన్నది. గ్యారేజిలో మంచుబండి ఉన్నది. అది ఇంకను నడచు స్థితిలో లేదు. బిడ్డ మరణించెను.

ఈ సంగతిని వ్రాసినవారు పలువురు, కుమారుని మరణమే ఆ ఆవిష్కరణకు పుట్టినిల్లు అని వ్రాయుదురు. కథకు అది అందముగానే యుండును. కాని తారీఖులు ఒప్పుకొనవు. ఆయన ఆ పనిలో దిగి అప్పటికి పండ్రెండేండ్లు. దుఃఖము వలన ఆయన పని మొదలిడలేదు. పని సగములో నుండగా దుఃఖము వచ్చిపడినది. ఇంకొక యేడు ముందుగ ఆ బండి పూర్తియైనచో అను మాట ఆ తండ్రి మనసులో ఎన్ని రాత్రులు తిరిగెనో ఎవరును చెప్పలేరు. బిడ్డలను కన్నవారమందరము దానిని గూర్చి ఎక్కువ మాటలాడనక్కరలేదు.

మరుసటి యేడు, 1935లో, ఆయన వెదకుచున్నది దొరికెను. దానిని నాకు తెలిసినంత సులభముగ చెప్పుదును. బండి మంచులో దిగబడకుండవలెనన్నచో దాని బరువు చక్రపు అంచుమీద గాక వెడల్పైన పట్టామీద పరచుకొనవలెను. ఇది అందరికిని తెలిసినదే. చిక్కు ఏమనగా, ఇనుప పట్టాల సందులలో మంచు దూరి గడ్డకట్టును. గడ్డకట్టినచో గొలుసు తెగును, లేదా చక్రముమీదినుండి జారును. ఇనుము బరువుకు బండియే కూరుకొనిపోవును. బొంబార్డియే పళ్ళచక్రమునకు రబ్బరు తొడిగెను. పట్టాను రబ్బరు పట్టీలతో చేసి, అడ్డముగ ఉక్కు కమ్మీలు బిగించెను. పళ్ళు కమ్మీలను పట్టుకొని లాగుచుండగా, రబ్బరు వంగి సాగుచు తనమీది మంచును తానే విదల్చుకొనును. ఇంతే! చెప్పినచో నాలుగు వాక్యములు, చేయుటకు అన్నియేండ్లు. దానికి 1937లో పేటెంటు లభించెను. పిమ్మట ఆయన పొందిన పేటెంట్లు నలుబదికి పైబడినవి. ఆయన జీవితమంతయు ఈ ఒక్క చక్రముచుట్టునే తిరిగెనని చెప్పవచ్చును.

ఆ చక్రముతో చేసిన మొదటి బండి పేరు బీ-7. బీ అనగా బొంబార్డియే, ఏడు అనగా ఏడుగురు కూర్చుండు చోటు. చెక్కపలకల గది, ముందు స్కీలు, వెనుక పట్టాలు. దానిని కొన్నవారు ఎవరు? పల్లె వైద్యులు, పశువైద్యులు, హోటలు నడుపువారు, సరుకుల అమ్మకందార్లు, శవవాహకులు. ఈ పట్టికను చదివినప్పుడు నాకు ఒడలు జలదరించినది. పుట్టుకకు, రోగమునకు, తిండికి, చావుకు — చలికాలమున ఊరికి కావలసినవారందరును ఆ పట్టికలో ఉన్నారు. 1942లో కంపెనీ స్థాపించెను. పండ్రెండుగురు పట్టు బీ-12 వచ్చెను. ఓడకు వలె గుండ్రని కిటికీలు దానికి. ఉత్తరములు మోయుటకు, రోగులను మోయుటకు దానిని వాడిరి. ఇంకను పొడవైన సీ-18 లో ఇరువదియైదుగురు బడిపిల్లలు పట్టెడివారు. మంచు పడినదని బడి ఎగవేయు భాగ్యము ఆ పిల్లలకు ఆయన చేతనే పోయినది. అందుకు మాత్రము ఆయనను వారు తిట్టుకొనియుందురు.

ఇక మన ఉద్యోగులు శ్రద్ధగా వినవలసిన భాగమునకు వచ్చితిని. 1948లో క్విబెక్ ప్రభుత్వము, చలికాలమున రహదారులమీదను పల్లె రోడ్లమీదను మంచు తీయించవలెనని చట్టము చేసెను. ప్రజలకు అంతకంటె మేలు చేయు చట్టము ఏది? రోడ్లు తెరచుకొనినవి, కార్లు నడచినవి. బొంబార్డియే అమ్మకములు ఒక్క యేడులో ఇంచుమించు సగమునకు పడిపోయెను. ఆలోచింపుడు. దారిలేని ఊరికి దారి కావలెనని యావజ్జీవము శ్రమించిన మనుష్యుడు, ఆ దారి వచ్చిన దినముననే నష్టపోయెను. ఇట్టి ఉత్తరువు ఒకటి మన బల్లమీదినుండి వెడలునప్పుడు, అది ఎచ్చటనో ఒక మనుష్యుని పనిని సగము చేయునని మనము తలంచుట అరుదు. తలంచినను ఉత్తరువు ఆపరాదు. అది వేరు సంగతి.

ఆయన ఏమి చేసెను? రోడ్లు ఉన్నచోట తన బండితో పనిలేదు గనుక, రోడ్లు రానేరాని చోట్లను వెదకెను. అడవులు, గనులు, చమురు బావులు, బురద నేలలు. 1953లో మస్కెగ్ అను పట్టాల ట్రాక్టరును చేసెను. మస్కెగ్ అనగా ఆ దేశపు ఆదివాసుల మాటలో ఊబినేల. 1955–58 నడుమ ఫుక్స్ నాయకత్వమున అంటార్కిటికా ఖండమును దాటిన దండు వెంట తీసికొనిపోయిన బండ్లలో మస్కెగ్ కూడ ఒకటి యుండెను. వాల్కూర్ వీధిలో పుట్టిన చక్రము దక్షిణధ్రువ సీమకు పోయినది. చక్రము చేసినవాడు వాల్కూర్‌లోనే యుండెను. ఊరివారే ఆయన కర్మాగారములో పనివారు. ఆ పనివారే ఆయన ఇరుగుపొరుగులు. తమ్ములు కూడ ఆ పనిలోనే చేరిరి. కూలిపని కొరకు నగరములకు వలసపోవలసిన కుఱ్ఱవాండ్రు పుట్టిన ఊరిలోనే చేతిపని నేర్చుకొని నిలిచిరి. ఊరు ఆయనను ప్రేమించెననుటకు ఇంతకంటె కారణము వెదకనక్కరలేదని నా తలంపు.

ఇంతవరకు చెప్పినవన్నియు పెద్ద బండ్లు. కాని పదునైదవ యేటినుండి ఆయన కలగన్నది ఒకరిద్దరు ఎక్కి పోగల చిన్న బండి. మోటార్లు బరువైనవి గనుక అది సాధ్యము కాలేదు. 1950 దాటిన పిమ్మట తేలికైన మోటార్లు వచ్చెను. పెద్దకుమారుడు జెర్మెన్ అతుకులేని రబ్బరు పట్టా చేయు విధము కనుగొనుటలో తోడ్పడెను. 1959లో ఆ చిన్న బండి బయటికి వచ్చెను. మొదటి నమూనాలలో ఒకదానిని ఆయన తీసికొనిపోయినది, ఉత్తర ఒంటారియోలో రోడ్లులేని ఆదివాసుల పల్లెలో పనిచేయుచుండిన తన మిత్రుడు మతగురువు కొరకు. కుక్కలు లాగు బండికి బదులుగా వాడుదురని దానికి "స్కీ-డాగ్" అని పేరు పెట్టదలచెననియు, అచ్చులో పొరపాటున అది "స్కీ-డూ" అయినదనియు కథ కలదు. మన సంచిక ప్రూఫులు దిద్దుచున్న మిత్రులకు ఇది ఊరట కలిగించును గాక! మొదటి యేడు 225 బండ్లు అమ్ముడుపోయెను. ధర 900 డాలర్లు. నాలుగేండ్లలో అమ్మకము ఎనిమిదివేలు దాటెను.

అంత లాభము కానవచ్చుచున్నను ఆయన దానిమీద సర్వము ఒడ్డుటకు వెనుదీసెను. ఒక్క బండిని నమ్ముకొనియుండగా ఒక్క చట్టము ఏమి చేసెనో ఆయన మరువలేదు. ఇంకొక సంగతి. ఆయన చేసినది పనిబండి. జనులు దానిని ఆటబండి చేసికొనిరి. వైద్యుని కొరకు, గురువు కొరకు, వేటగాని కొరకు తలపెట్టినది ఆదివారపు వినోదమైనది. అది అందరికిని మేలే చేసినదని నేను చెప్పజాలను. దాని రొదకు నిదుర చెడినవారు కలరు. వేగమునకు లోబడి చెట్లను ఢీకొని, పలుచని మంచుగల సరస్సులలో మునిగి చనిపోయినవారు ఏటేట కలరు. ఉత్తర సీమలలో తరతరములుగ ఇంటివారితో సమానముగ బ్రతికిన బండికుక్కలు పదియేండ్లలో ఇంచుమించు పనిలేనివైనవి. యంత్రము గెలిచినచోట ఏదో ఒకటి ఓడును.

కాని ఆ ఆటనుండియే, ఆయన ఊహింపని మంచి యొకటి పుట్టినది. అది చెప్పుటకే ఇంతసేపు మిమ్ము కూర్చుండబెట్టితిని. చలికాలమున పల్లెటూరివాడు ఒంటరివాడు. అయిదు నెలలు ఎవరి పొయ్యి వారిది. ఈ చిన్న బండ్లు వచ్చిన పిమ్మట ఊరూర సంఘములు ఏర్పడెను. క్విబెక్‌లో నేడు ఆ సంఘములు నడుపు మంచుబాటలు 30,000 కిలోమీటర్లకు మించియున్నవి. ఆ బాటలలో అనేకము రైతుల పొలములమీదుగ పోవును. చలికాలమున పొలములో పైరు లేదు గదా యని దారి ఇచ్చుటకు ఒప్పుకొన్న రైతు ఒక్కడు మనసు మార్చుకొన్నచో బాట అచ్చటనే తెగును. కనుక ప్రతి సంఘమునందును ఒక మనుష్యుడుండవలెను. శరత్కాలమున ఆయన ఇంటింటికి పోయి, కాఫీ త్రాగి, ఆవుల క్షేమమడిగి, "ఈ యేడును దారి ఇత్తురు గదా" అని అడుగవలెను. విరిగిన కొయ్యవంతెనలు బాగుచేయవలెను. మలుపులలో గుర్తుకర్రలు పాతవలెను. రాత్రి అందరును నిదురించిన పిమ్మట పెద్ద పట్టాల బండికి చదునుపలక తగిలించి, గంటకు కొద్ది కిలోమీటర్ల వేగమున తెల్లవారువరకు బాటను చదును చేయవలెను. ఎవరైనను అడవిలో చిక్కుకొన్నచో పోలీసులు మొదట తలుపు తట్టునది ఆయన ఇంటినే. ఏడాదికొకసారి సంఘము విందులో బఠాణీల చారు వడ్డించువాడును ఆయనయే. ఆయన పేరు ఏ చరిత్రలోను ఉండదు. ఆయన పోయిన దినమున మాత్రము బండ్లన్నియు వరుసగా నిలుచును.

మీరు నవ్వుచున్నారు. మన సంఘమునందలి అట్టి మనుష్యుడు ఎవరో మీకు అప్పుడే తోచినది కాబోలు. ఉగాదికి హాలు కొరకు అర్జీ పట్టుకొని నాలుగు కచేరీలు తిరిగినది, నిన్న రాత్రి పదునొకండు గంటలవరకు ఈ కుర్చీలు వేసినది ఎవరో నేను చెప్పినచో ఆయన ఇప్పుడే లేచి వెడలిపోవును. చెప్పను.

బొంబార్డియే ఆ సంఘముల వైభవమును చూడలేదు. 1964 ఫిబ్రవరి 18వ తేదీన, యేబదియారేండ్ల వయసున, పుట్టకురుపు వ్యాధితో ఆయన మరణించెను. నడిచలికాలము. మరణించినది షెర్‌బ్రుక్ పట్టణమున. ముప్పదియేండ్ల క్రిందట బిడ్డను చేర్చలేకపోయిన పట్టణమది. వాల్కూర్‌నుండి అచ్చటికి పోవు రోడ్డుమీద అప్పటికి మంచు తీయుచుండిరి.

పిమ్మటి సంగతి క్లుప్తముగ చెప్పుదును. అల్లుడు లోరాన్ బోద్వాన్ 1966లో కంపెనీ బాధ్యత వహించెను. 1974లో మాంట్రియల్ మెట్రోకు 423 పెట్టెలు చేయు పని లభించెను. అట్లు మంచుబండ్లు చేసినవారు రైళ్ళు చేయువారైరి. తరువాత విమానములును చేసిరి. ఆ కథ ఆర్థికశాస్త్రము చదివినవారు చెప్పవలసినది. దానిలో నాకు అంత రుచి లేదు. మంచుబండ్ల శాఖ 2003లో వేరుపడి బీఆర్‌పీ అను పేరుతో నడచుచున్నది. దాని ప్రధాన కార్యాలయము నేటికిని వాల్కూర్‌లోనే కలదు.

ఆ ఊరిలో ఆయన పేర ఒక ప్రదర్శనశాల కలదు. గుండ్రని కిటికీల బండ్లు అచ్చట ఉన్నవి. 1926లో తెరచిన ఆ గ్యారేజిని కూడ భద్రపరచియుంచిరి. బల్లలు, పనిముట్లు, చిన్న పొయ్యి. ఆ గ్యారేజి చిత్రమును నేను చాలసేపు చూచితిని. ఆ నేలమీద ఎచ్చట నిలిచియుండెనో గదా ఆ 1934 నాటి బండి, సగము విప్పి, సగము బిగించి.

కార్యదర్శిగారు కాఫీ చల్లారుచున్నదని సైగ చేయుచున్నారు.